లినక్స్‌లో గేమ్: సొంత వెర్షనా, ప్రోటానా?

మాది వైజాగ్, ఎంవీపీ కాలనీ. 2025 అక్టోబర్‌లో విండోస్ 10కి సపోర్ట్ ఆగిపోయాక పాత ల్యాప్‌టాప్‌లో ఉబుంటు అనే లినక్స్ ఎక్కించాను. మిగతావన్నీ బాగానే ఉన్నాయి, తమ్ముడి రేసింగ్ గేమ్ దగ్గరే పేచీ.

గేమ్స్ కొని ఆడుకునే యాప్ స్టీమ్‌లో దానికి లినక్స్ కోసమే చేసిన సొంత వెర్షన్ కూడా ఉంది. సొంతది కదా, ఇదే సాఫీగా నడుస్తుందనుకున్నా. తీరా చూస్తే ఓపెన్‌జీఎల్ అనే పాత గ్రాఫిక్స్ పద్ధతి మీద నడిచే పాత పోర్ట్ (లినక్స్‌కి మార్చి చేసిన వెర్షన్) అది. మలుపు తిరిగిన ప్రతిసారీ కైలాసగిరి ఘాట్ రోడ్డు ఎక్కే ఆటోలా దగ్గుతోంది. స్టీమ్‌లో ఆ గేమ్ ప్రాపర్టీస్‌లోకి వెళ్లి ప్రోటాన్ (విండోస్ గేమ్స్‌ని లినక్స్‌లో నడిపే స్టీమ్ టూల్) పెట్టి, విండోస్ వెర్షన్ దించితే వెన్నలా నడిచింది! ప్రోటాన్‌లో ఉండే డీఎక్స్‌వీకే అనేది విండోస్ గ్రాఫిక్స్ ఆదేశాలను (డైరెక్ట్3డీ) లినక్స్‌లోనూ నడిచే వల్కన్ అనే పద్ధతిలోకి మారుస్తుందని చదివాను. మధ్యలో ఇంకో పొర ఉండి కూడా వేగం ఎలా పెరిగిందో మరి.

అసలు చిక్కేంటంటే, ఆట ఎంతవరకు వచ్చిందో దాచే సేవ్‌లు కొత్తదానిలోకి రాలేదు. పాత వెర్షన్‌లో వాడిది 40 గంటల ఆట. ప్రోటాన్ తన సేవ్‌లను కంపాట్‌డేటా ఫోల్డర్‌లో వేరేగా పెడుతుందట. పాత ఫైళ్లు అక్కడికి కాపీ చేస్తే పనిచేస్తాయా? ఇంకోటి, గేమ్స్ ఉన్న డ్రైవ్ ఇంకా విండోస్ వాడే ఎన్‌టీఎఫ్‌ఎస్ ఫార్మాట్‌లోనే ఉంది. దాన్ని లినక్స్ ఫార్మాట్ ఈఎక్స్‌టీ4కి మార్చక తప్పదా? చేసి చూసినవాళ్లుంటే కాస్త చెప్పండి. కాలేజీ నుంచి రాగానే వాడు నా మొహమే చూస్తున్నాడు.