అబార్త్ పుంటో క్లచ్ నేనే మార్చుకుంటా. విజయనగరంలో కారు ఎత్తే లిఫ్ట్ ఎవరిస్తారు?

కోటగుమ్మం_కుర్రాడు
నాలుగో గేరులో నెమ్మదిగా వెళ్తూ యాక్సిలరేటర్ గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముల్లు ఎగిరిపోతోంది, కారు మాత్రం ఉన్న స్పీడులోనే ఉంటోంది. క్లచ్ ప్లేటు అరిగిపోయింది. 92 వేల కిలోమీటర్లు లాగింది కాబట్టి దాన్ని తిట్టుకోవడానికేం లేదు. ప్లేటు, ప్రెజర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ తెప్పించాను. పనిముట్లున్నాయి, సాయానికి బావమరిది ఉన్నాడు. లేనిదల్లా లిఫ్టే. ఇంటి ముందు జాకీలు పెట్టి లేపితే కింద నేను దూరగలను గానీ, దించిన గేర్‌బాక్స్‌ని బయటికి లాగేంత ఎత్తు రాదు. అసలే ఇది మామూలు పుంటో కంటే కిందకి ఉంటుంది. రింగ్ రోడ్డులో నాలుగు షెడ్లు తిరిగాను. "కారు వదిలెయ్, మేం చేసేస్తాం" అంటున్నారు. లిఫ్ట్ అద్దెకడిగితే మాత్రం పెళ్లికూతుర్ని అద్దెకడిగినట్టు చూస్తున్నారు.

నాగావళి_ఒడ్డు
పుంటోని స్పోర్ట్స్ కారుల విభాగంలో పెట్టావేంటన్నా :)

కోటగుమ్మం_కుర్రాడు
1.4 టర్బో, 145 హార్స్‌పవర్. నీ కారు దాని వెనక రమ్మను, అప్పుడు మాట్లాడదాం.

నాగావళి_ఒడ్డు
ఒప్పుకున్నా. నేను చేసిన తప్పు నువ్వు చెయ్యకు. శ్రీకాకుళంలో తెలిసినవాళ్ల వాటర్ సర్వీసింగ్ లిఫ్ట్ మీద మొదలుపెట్టాను. దాని మీద కారు చక్రాల మీదే నిలబడుతుంది. ముందు చక్రాలు వేలాడితేనే కదా డ్రైవ్ షాఫ్టులు (గేర్‌బాక్స్ నుంచి చక్రాలని తిప్పే కడ్డీలు) ఊడేది? పైగా నేను చేసిన లిఫ్టుకి నడుమ స్తంభం, సరిగ్గా మనం పడుకోవాల్సిన చోట. గంటకో అంగుళం కిందకి దిగుతోందని మధ్యాహ్నానికి గమనించాను. సీలు కారిపోతోందట! ఆ రోజు కారు కిందనుంచి వచ్చేసి టీ తాగి ఇంటికెళ్లిపోయా. రెండు స్తంభాల లిఫ్ట్ దొరికితేనే చెయ్యి.

గాజువాక_తాత
బాబూ, ముప్పై ఏళ్లు లారీ షెడ్డులో చేశాను. మీలాటోళ్లు లిఫ్ట్ దొరక్క, బండి కింద నిలబడి పనిచేసే లారీల గొయ్యి అడుగుతారు. పెట్రోలు కారు అయితే వద్దంటాను. పెట్రోలు ఆవిరి గాలి కన్నా బరువు, గోతిలోనే కూర్చుంటుంది. లైటు వైరులో ఒక్క నిప్పురవ్వ చాలు. వానాకాలంలో మన దగ్గర గోతుల్లో నీళ్లు ఊరడం వేరే సంగతి.

రెండు స్తంభాల లిఫ్ట్ దొరికినా ఒక మాట. గేర్‌బాక్స్ ఊడగానే ముందు బరువు తగ్గి కారు వెనక్కి మొగ్గుతుంది. వెనక ఎత్తు స్టాండు పెట్టు. ఇంజిన్ కింద చెక్క అడ్డం పెట్టి ఇంకో స్టాండు. మర్చిపోతే ఇంజిన్ మిగిలిన మౌంట్ల మీద వేలాడి గొట్టాలన్నీ లాగేస్తుంది. క్లచ్ దుమ్ము గాలి గొట్టంతో ఊదకు, తడిగుడ్డతో తుడు. అది ఊపిరితిత్తుల్లోకి పోయేదే.

కోటగుమ్మం_కుర్రాడు
లిఫ్ట్ దొరికింది! పైడితల్లి అమ్మవారి పండగకి. సోమవారం తొలేళ్లు, మంగళవారం సిరిమాను. ఆ రెండు రోజులూ మా ఊళ్లో షెడ్డు తెరిచేవాడెవడు? ఓనరు ఆదివారం సాయంత్రం తాళం ఇచ్చి, బుధవారం పొద్దున్నకల్లా ఖాళీ చెయ్యమన్నాడు.

నాగావళి_ఒడ్డు
షెడ్లు మూస్తే స్పేర్ల కొట్లు కూడా మూస్తారు, చూసుకో.

కోటగుమ్మం_కుర్రాడు
ఆ మాట ముందే చెప్పాల్సింది!

దించడం సాఫీగా అయింది. ఆదివారం రాత్రికి బ్యాటరీ, దాని ట్రే, గేర్ కేబుళ్లు, స్టార్టరు విప్పేశాం. సోమవారం మధ్యాహ్నానికి గేర్‌బాక్స్ నేల మీద ఉంది. పాత ప్లేటు రివెట్ల దాకా అరిగింది, ఫ్లైవీల్ (ప్లేటు ఆనుకునే ఇంజిన్ చక్రం) మీద నీలం మచ్చలు. గోరుతో గీకి చూశాను, గాడి తగల్లేదు. ఎమిరీ కాగితంతో రుద్ది అదే ఉంచాను (తాతగారు తిడతారేమో).

ఎక్కించడంలోనే నరకం. ప్లేటు సరిగ్గా మధ్యలో కూర్చోవడానికి సాకెట్ రాడ్డుకి టేపు చుట్టి వాడాను. అయినా గేర్‌బాక్స్ వేలెడంత సందు మిగిల్చి ఆగిపోయింది. బావమరిది బోల్టులు బిగించి లాగేద్దామన్నాడు. వద్దన్నాను, అలా లాగితే గేర్‌బాక్స్ డొప్పకి బోల్టులు పట్టే చెవులు విరుగుతాయి. పోనీ వదిలేద్దామంటే బరువంతా ప్లేటులోకి దూరే గేర్‌బాక్స్ కడ్డీ (ఇన్‌పుట్ షాఫ్ట్) మీద పడి కొత్త ప్లేటు వంకరపోతుంది. వాడు భుజంతో మోస్తూ ఉంటే, నేను క్రాంక్ పుల్లీకి పానా వేసి కొంచెం కొంచెం తిప్పాను. బయట తొలేళ్ల డప్పులు. ఎన్నోసారో తెలీదు, టక్కుమని కూర్చుంది.

ఆ ఆనందంలో తొందరపడి ఎడమ డ్రైవ్ షాఫ్ట్ తోస్తే, గేర్‌బాక్స్ ఆయిల్ కారకుండా ఆపే సీలు పెదవి చిరిగింది. ఊళ్లో ఒక్క కొట్టు లేదు.

గాజువాక_తాత
సీలు మీద కొలత ఉంటుంది. లోపలి వ్యాసం, బయటి వ్యాసం, మందం. ఆ మూడంకెలు చెబితే చాలు, కారు పేరు అక్కర్లేదు. ఏ బేరింగుల కొట్లో అయినా ఇస్తారు. ఫ్లైవీల్ సంగతి, ఈసారికి తిట్టను.

నాగావళి_ఒడ్డు
నంబరు పెట్టన్నా. మా దగ్గర కొట్టు తీసే ఉంది. మధ్యాహ్నం ఆర్టీసీ బస్సులో పార్సిల్ వేస్తాను.

కోటగుమ్మం_కుర్రాడు
సీలు అందింది. సిరిమాను జనంలో ఆర్టీసీ కాంప్లెక్స్ (బస్టాండు) నుంచి షెడ్డుకి నడిచి రావడానికే గంటన్నర పట్టింది. నువ్వు రెండు పంపడం మంచిదైంది, మొదటిది నేనే వంకరగా కొట్టేశాను. రాత్రి పదకొండుకి కారు లిఫ్ట్ దిగింది. క్లచ్ వెన్నలా ఉంది. కొత్త ప్లేటు సర్దుకునేదాకా టర్బో జోలికి పోను.

బొబ్బిలి_బండి
ఇంతకీ లిఫ్ట్‌కి అద్దె ఎంత తీసుకున్నాడు?

కోటగుమ్మం_కుర్రాడు
డబ్బు వద్దన్నాడు. బుధవారం తాళం ఇవ్వడానికెళ్తే షెడ్డు వెనక ఉన్న తన పాత ఇండికా చూపించాడు. దానికీ క్లచ్ జారుతోందట.