డీసీసీ రివర్స్ లూప్‌లో షార్ట్: గ్యాప్‌లు జరపాలా?

డీసీసీ (పట్టాల గుండానే కరెంటుతో పాటు డిజిటల్ ఆదేశాలు పంపే పద్ధతి) మీద మోడల్ రైళ్లు నడిపేవాళ్లు కాస్త చెప్పండి. నాది హెచ్‌ఓ సైజు, 16.5 మిల్లీమీటర్ల గేజ్ (పట్టాల మధ్య దూరం). మెయిన్ లైన్‌లో ఏ బాధా లేదు, చిక్కంతా చివరనున్న రివర్స్ లూప్‌తోనే (బండి చుట్టూ తిరిగి వచ్చిన లైన్‌లోకే వెనక్కి వచ్చే వలయం). అక్కడ ఎడమ పట్టా తిరిగొచ్చి కుడి పట్టాకే కలుస్తుంది కాబట్టి, లూప్ నడిమి భాగాన్ని రెండు చివర్లా గ్యాప్‌లు ఇచ్చి, కరెంటు పారని ప్లాస్టిక్ జాయినర్లతో వేరుచేసి ఆటో రివర్సర్ (ఆ ముక్క పొలారిటీని దానంతటదే తిప్పే పరికరం) పెట్టాను. ఇంజన్ ఒక్కటే అయితే హాయిగా తిరిగొస్తుంది. లైట్లున్న పెట్టెలు తగిలిస్తే మాత్రం, ఇంజన్ అవతలి గ్యాప్ దాటుతుండగానే టక్కున ఆగి కమాండ్ స్టేషన్ (పట్టాలకు కరెంటు, ఆదేశాలు పంపే యూనిట్) ట్రిప్ అవుతోంది. చివరి పెట్టె మెటల్ చక్రాలు అప్పటికింకా ఇవతలి గ్యాప్ మీదే ఉంటున్నాయి, రెండు గ్యాప్‌లూ ఒకేసారి కలిసి షార్ట్ అవుతున్నట్టుంది.

వేరుచేసిన ముక్క మొత్తం బండి కంటే పొడవుండాల్సిందేనా? చివర్లో ప్లాస్టిక్ చక్రాల పెట్టెలు పెట్టుకుంటే సరిపోదా? గ్యాప్‌లను పాయింట్ (లైన్ రెండుగా చీలే చోటు) దాకా జరపాలంటే అతికించిన పట్టాలన్నీ ఊడదీయాలి, తలుచుకుంటేనే టెన్షన్!