స్వీట్ హనీ ఇన్ ద రాక్ తరహా పాటలు: నొటేషన్ ఇవ్వాలా, చెవితో నేర్పాలా?

స్వరలిపి: 1973లో వాషింగ్టన్‌లో బెర్నీస్ జాన్సన్ రీగన్ మొదలుపెట్టిన నల్లజాతి ఆడవాళ్ళ బృందం స్వీట్ హనీ ఇన్ ద రాక్. వాద్యాల్లేని ఆ పాటల్ని ఐదుగురు కొత్తవాళ్ళకి నేర్పాలంటే స్టాఫ్ నొటేషన్, అంటే ఐదు గీతల మీద స్వరాలు రాసిన కాగితం, ఇవ్వాల్సిందే. లేదంటే మధ్య గొంతులు రెండూ కాసేపటికే లీడ్ (ప్రధాన గొంతు) మీదకి జారిపోతాయి.

మంద్రం: ఇవ్వకూడదండీ. ముందు అందరూ బేస్ లైన్, అంటే అన్నిటికంటే కింది గొంతు పాడే వరస, నేర్చుకోవాలి. రెండు బార్ల (నాలుగేసి బీట్ల) ముక్క, ఆగకుండా తిరగాలి. అది నిలబడ్డాక ఇద్దర్ని దానిమీదే ఉంచి మధ్య గొంతులు చేర్చాలి. లీడ్ చివర. అడుగు 1, 3 బీట్ల మీద, చప్పట్లు 2, 4 మీద. చేతిలో కాగితముంటే చప్పట్లెలా కొడతారు? పైగా గాంధారం చాలాసార్లు సాధారణానికీ (కింది గ) అంతరానికీ (పై గ) మధ్య పలుకుతుంది. దాన్ని ఏ గీత మీద పెడతారు?

స్వరలిపి: ఫ్లాట్ (స్వరాన్ని అర మెట్టు దించే గుర్తు) పెట్టి, పైకి బాణం గీస్తాను. సరిపోతుంది.

కోరస్_రాణి: మావాళ్ళు ఎఫ్ శ్రుతిలో ఎత్తుకుని, దానికి కిందున్న ఈలో తేలుతున్నారు. ఎందుకు?

మంద్రం: అందరూ ఒకేచోట ఊపిరి తీసుకుంటున్నారేమో చూడండి. వంతులవారీగా తీసుకోవాలి. బేస్ పాడే ఆవిడకి కింది స్వరాల్లో బలం లేకపోయినా శ్రుతి దిగుతుంది. అప్పుడు పాటనే ఒక స్వరం పైకి జరపండి. ఆ బృందంలో బేస్ పాడిన ఇసాయే బార్న్‌వెల్‌కి ఉన్నంత లోతు అందరికీ ఉండదు.

స్వరలిపి: ఆ బార్న్‌వెల్ పాటలే నొటేషన్‌తో అచ్చయ్యాయిగా!

మంద్రం: వర్క్‌షాపుల్లో మాత్రం ఆవిడ కాగితం లేకుండా నేర్పుతారు.

పాతగొంతు: ఈమధ్య ఏళ్ళలో ఆ బృందమే బేస్ వాద్యం వాయించే అతన్ని పెట్టుకుంది. దాని గురించి ఎవరూ మాట్లాడరేం?

స్వరలిపి: అది వేరే గొడవ. మంద్రం గారూ, ఇలాంటి పాటలు పాడే చర్చిలో పెరగనివాళ్ళు ఇవి పాడకూడదని సూటిగా అనేయండి. చెవి, చెవి అంటారు. ఆ చెవి లేనివాళ్ళకి కాగితమే కదా తలుపు?

మంద్రం: నేనలా అన్లేదు, నా నోట్లో మాటలు పెట్టకండి! 1961, 62ల్లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో, ఆల్బనీ ఊళ్ళో నల్లవాళ్ళ హక్కుల ఉద్యమ సభల్లో ఒకరు పాట ఎత్తుకుంటే జనం అందుకునేవారు. ఎప్పుడు ఆపాలో కూడా జనమే తేల్చేవారు. రీగన్ గొంతు అక్కడే రాటుదేలింది. మీ కాగితంలో పాట మూడో చరణం దగ్గర ఆగిపోతుంది. మీకు కావలసింది పాడేవాళ్ళు వేరుగా, వినేవాళ్ళు వేరుగా ఉండే కచేరీ.

స్వరలిపి: అవును, కచేరీయే! అందులో తప్పేముంది? స్వీట్ హనీ వాళ్ళూ న్యూయార్క్ కార్నెగీ హాల్లో పాడారు.

మంద్రం: పాడారు, వినేవాళ్ళ చేతా పాడించారు. మీ ఐదుగురూ అది చేయగలరా?

పాతగొంతు: ఆంధ్ర క్రైస్తవ కీర్తనల పుస్తకంలో రాగం, తాళం పేర్లు ఉంటాయి, స్వరాలుండవు. అయినా సంఘమంతా పాడుతుంది.

స్వరలిపి: ఆ సంఘం చిన్నప్పట్నుంచీ వింటోంది కాబట్టి. నా ముందు కూర్చునే వాళ్ళు మొదటిసారి వింటున్నారు. వాళ్ళ చేత ఎలా పాడిస్తారో చెప్పండి.

మంద్రం: లీడ్ నాలుగు బీట్లు పిలవాలి, మిగతావాళ్ళు నాలుగు బీట్లు జవాబివ్వాలి. జవాబులో మాటలు మూడు దాటకూడదు, ప్రతిసారీ అవే మాటలు. రెండోసారికే హాలు అందుకుంటుంది. పిలుపులోనే మాటలు మార్చుకుంటూ పోవాలి.

స్వరలిపి: ఆ జవాబు కూడా రాసే ఇస్తాను.