ప్రేమాస్వరూపి: ఆ దీర్ఘం ఉంచాలా, తీసేయాలా?

గుంపులోని పెద్దలకు వందనాలు. నేను గుంటూరు అరండల్‌పేటలో డీటీపీ పని చేస్తాను. డిసెంబరు వచ్చిందంటే మా వీధిలో ప్రింటర్లు అర్ధరాత్రి దాకా ఆగవు. క్రిస్మస్ ఆహ్వాన పత్రికలు, క్యాలెండర్లు, వాటికి తోడు వాగ్దాన కార్డులు. తెలియనివారి కోసం చెబుతాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో పళ్లెం నిండా కార్డులు బోర్లించి పెడతారు. ఒక్కొక్కరు వచ్చి ఒకటి తీసుకుంటారు. అందులో ఏ వచనం ఉంటే అది ఆ ఏడాదికి తమకు దేవుడిచ్చిన మాట. బీరువా తలుపుకు అంటించుకునేవారు ఉన్నారు, ఫోను కవరు వెనక దాచుకునేవారూ ఉన్నారు.

కిందటి డిసెంబరులో ఒక సంఘానికి రెండు వేల కార్డులు వేశాను. యాభై రకాల వచనాలు. వాటిలో 1 యోహాను 4:8 ఒకటి: "దేవుడు ప్రేమాస్వరూపి". ప్రూఫు చూసిన తెలుగు మాస్టారు ‘మా’ను ఎర్ర సిరాతో కొట్టేసి పైన ‘మ’ అని రాశారు. పక్క అంచులో "ఇక్కడ దీర్ఘానికి చోటు లేదు" అని చిన్న అక్షరాలు. నేను దిద్దాను. కార్డులు అచ్చయ్యాయి, కోయించాను, కట్టలు కట్టాను. సంఘపెద్ద వచ్చి ఒక కట్ట విప్పి, పేకముక్కలు చూసినట్లు ఒక్కొక్కటే చూస్తూ ఆ కార్డు దగ్గర ఆగిపోయారు. "బాబూ, దీర్ఘం ఏమైంది?" అన్నారు. వ్యాకరణం చెప్పబోయాను. "వాక్యంలో అక్షరం తీయడానికి నువ్వెవరు, నేనెవరు?" అన్నారు. కోపంగా కాదు, బాధగా. ఒక్కో షీటులో పాతిక వచనాలు పేర్చాను కనుక నలభై కార్డుల కోసం వెయ్యి కార్డులు మళ్లీ వేయవలసి వచ్చింది. ఖర్చు నాదే.

అది పోనివ్వండి. నా ప్రశ్న ఇది: మాస్టారు చెప్పింది ఒప్పా, సంఘపెద్ద చెప్పింది ఒప్పా?

బ్రాడీపేట నుంచి, విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు:
ఆ ఎర్ర సిరా నాదే. నీకు ఖర్చు పెట్టించినందుకు విచారిస్తున్నాను కాని గీత వెనక్కి తీసుకోను. సంస్కృతంలో మూలపదం ‘ప్రేమన్’, నకారాంతం. రాజన్, ఆత్మన్, బ్రహ్మన్ ఎలాంటివో ఇదీ అలాంటిదే. సమాసంలో ముందు నిలిచినప్పుడు ఆ నకారం జారిపోయి హ్రస్వం మిగులుతుంది. రాజగురువు అంటాం, రాజాగురువు అనం. బ్రహ్మజ్ఞానం అంటాం. ‘ఆత్మాజ్ఞానం’ అని దీర్ఘం పెట్టి చూడు, ఆత్మను గురించిన అజ్ఞానం అయి కూర్చుంటుంది! ప్రేమాభిమానాలు, ప్రేమానురాగాలు అంటావేమో. అక్కడ రెండో మాట అచ్చుతో మొదలవుతోంది కనుక సవర్ణదీర్ఘ సంధి. స్వరూపి హల్లుతో మొదలవుతుంది. దీర్ఘం ఎక్కడి నుంచి వస్తుంది?

పట్టాభిపురం నుంచి:
మాస్టారూ, 1 కొరింథీయులకు 13:4 ఒకసారి చూడండి. "ప్రేమ దీర్ఘకాలము సహించును" అని ఉంది. మీరు ఒక్క దీర్ఘం సహించలేరా?

మాస్టారు:
నవ్వాను. అయినా సహించను.

నేను:
మాస్టారూ, ఆ వెయ్యి కార్డులు మళ్లీ కోస్తున్నప్పటి నుంచీ ఈ దీర్ఘం నా బుర్రలో తిరుగుతోంది. సంస్కృత నియమం మీరు చెప్పినదే, అందులో వాదం లేదు. కాని దీర్ఘం ఎక్కడి నుంచి వస్తుంది అని మీరే అడిగారు కదా, దానికి నాకు తోచిన జవాబు చెబుతాను.

మా నాయనమ్మకు చదువు రాదు. వచనాలన్నీ చెవితో నేర్చుకుంది. రాత్రి కుటుంబ ప్రార్థనలో కళ్లు మూసుకుని దేవుణ్ణి పేర్లతో పిలిచేది: "దయామయుడా, కరుణామయుడా, కృపామయుడా, ప్రేమాస్వరూపీ." నాలుగు పిలుపుల్లోనూ నడుమ ఒకటే సాగదీత. మొదటి మూడింటిలో దీర్ఘం న్యాయంగా వచ్చిందే. దయా, కరుణా, కృపా సంస్కృతంలో ఆకారాంత స్త్రీలింగాలు. తెలుగులోకి వచ్చేటప్పుడు చివర కురచై దయ, కరుణ, కృప అవుతాయి (చిన్నయసూరి బాలవ్యాకరణం తత్సమ పరిచ్ఛేదంలో ఇది ఉంది, మీరు చెప్పిన పాఠమే). సమాసంలోకి వెళ్లేసరికి పాత దీర్ఘం మళ్లీ బయటికి వస్తుంది. తెలుగు చెవికి మాత్రం దయ, కృప, కరుణ, ప్రేమ నాలుగూ ఒకే పోతపోసిన మాటలు. ఒకటి నకారాంతం, మూడు ఆకారాంతాలు అని పాటకు తెలియదు, ప్రార్థనకు తెలియదు. దయామయుడు ఉన్నప్పుడు ప్రేమామయుడు ఎందుకు ఉండకూడదు? అలా పోలికతో వచ్చిన దీర్ఘం అది. ప్రేమాభిమానాలు, ప్రేమానురాగాలు దానికి వత్తాసు పలికి ఉంటాయి.

అదే బైబిలులో చూడండి. కీర్తన 103:8: "యెహోవా దయాదాక్షిణ్యపూర్ణుడు దీర్ఘశాంతుడు కృపాసమృద్ధిగలవాడు." యోహాను 1:14లో "కృపాసత్యసంపూర్ణుడుగా మనమధ్య నివసించెను." ఇవి చదివి చదివి, విని విని ఉన్నవాళ్ల నోట ప్రేమ ఒక్కటే కురచగా నిలుస్తుందా? దేవుని గుణాలన్నీ ఒక వరసలో కూర్చుంటే ప్రేమకూ అక్కడే పీట వేశారు.

కనుక సంస్కృతం ప్రకారం అది తప్పు. తెలుగు విశ్వాసుల నోటిలో అది తప్పు కాదని నా మాట.

మాస్టారు:
చక్కగా వాదించావు. పోలిక వల్ల పుట్టిన రూపం అంటే ఒప్పుకుంటాను. అయితే పోలికతో పుట్టినవన్నీ ఒప్పులైపోతే నా జీతం ఎందుకిచ్చారు? ఒక సంగతి మాత్రం గుర్తుకు వచ్చింది. పుట్టపర్తి సత్యసాయిబాబా ప్రసంగం మొదట్లో "ప్రేమస్వరూపులారా" అని హ్రస్వంతోనే పిలిచేవారు. అక్కడ ఆ మాట ఎదుట కూర్చున్న మనుషులకు, ఇక్కడ దేవుడికి.

గుణదల నుంచి:
నాది చిన్న సందేహం. అంత సమాసం దేనికి? సూటిగా "దేవుడు ప్రేమ" అని రాస్తే ఈ గొడవే లేదు కదా. మూలమైన గ్రీకులో అంతే ఉందని మా చర్చి స్వామివారు చెప్పారు.

నేను:
అవునండీ, గ్రీకు వాక్యం మాటకు మాటగా ‘దేవుడు ప్రేమ అయి ఉన్నాడు’ అనే. తమాషా ఏమిటంటే దీనికి జోడుగా ఉన్న మరో రెండు వాక్యాలను మనవాళ్లు వేరువేరుగా తెలిగించారు. యోహాను 4:24లో "దేవుడు ఆత్మ", క్రియ లేదు, గ్రీకులోనూ అక్కడ లేదు. 1 యోహాను 1:5లో "దేవుడు వెలుగై యున్నాడు". ప్రేమ దగ్గరకు వచ్చేసరికి రెండు పద్ధతులూ వదిలేసి ‘స్వరూపి’ని తెచ్చారు. 4:16లో దానికే క్రియ తగిలించి "ప్రేమాస్వరూపియై యున్నాడు" అన్నారు.

ఎందుకంటారా? "దేవుడు ప్రేమ" అని గట్టిగా చదివి చూడండి. వాక్యం మధ్యలో ఆగిపోయినట్లు ఉంటుంది. దేవుడు ప్రేమ... ఏం చేశాడు? పైగా మా వీధిలోనే ప్రేమ అనే పేరుగల అమ్మాయిలు ఇద్దరున్నారు.

మాస్టారు:
దానికి వ్యాకరణ కారణమూ ఉంది. దేవుడు మహద్వాచకం, అంటే పురుషుణ్ణి చెప్పే మాట; ప్రేమ అమహద్వాచకం, అలా చెప్పనిది. ‘అతడు వైద్యుడు’ అన్నంత తేలికగా ‘అతడు వైద్యం’ అనలేము. ‘స్వరూపి’ చేరగానే మాట మనిషికి అన్వయిస్తుంది. ఇంకో సంగతి. స్వరూపం అంటే ఇక్కడ ఆకారం కాదు, స్వ-రూపం, తన సహజ లక్షణం. వేదాంతులు స్వరూప లక్షణం, తటస్థ లక్షణం అని విడదీస్తారు. తటస్థం వచ్చిపోయేది, స్వరూపం విడదీయరానిది. ‘దేవుడు ప్రేమిస్తాడు’ అంటే ఒక పని చెప్పినట్లు, ఈ రోజు చేసి రేపు మానవచ్చు. ‘ప్రేమాస్వరూపి’ అంటే మానడం ఆయన వల్ల కాదు. ఆ అనువాదకుడెవరో గట్టి పండితుడు. దీర్ఘం సంగతి పక్కన పెడితే.

నేను:
అయితే మాస్టారూ, కొలొస్సయులకు 1:15లో క్రీస్తును "అదృశ్యదేవుని స్వరూపి" అన్నారు. అక్కడ గ్రీకు మాటకు ప్రతిరూపం అని అర్థం. ఒకే స్వరూపిని రెండు పనులకు వాడారు. తెలియక చదివితే రెండు చోట్లా ఒకటే అనుకుంటాం.

ఈ మాటలు అచ్చులోకి వచ్చిన కథ కూడా పాతదే. విశాఖపట్నంలో మిషనరీ దేశ్‌గ్రాంజ్, ఆయనతో కూర్చుని పనిచేసిన ఆనందరాయరు తర్జుమా చేసిన సువార్తలు 1812లో సేరంపూరులో అచ్చయ్యాయి. కొత్త నిబంధన మొత్తం 1818కి వచ్చింది. మన గుంటూరుకు లూథరన్ మిషనరీ హయ్యర్ 1842లో వచ్చేసరికే తెలుగులో చదివి వినిపించడానికి పుస్తకం ఉంది.

నల్లపాడు నుంచి:
మీరంతా ప్రేమ అనే ఒక్క మాట దగ్గరే తిరుగుతున్నారు. గ్రీకులో ప్రేమకు నాలుగు మాటలు. దేవుని ప్రేమ అగాపే, స్నేహితుల ప్రేమ ఫిలియా, కుటుంబానిది స్టోర్గే, స్త్రీపురుషులది ఏరోస్. తెలుగులో అన్నిటికీ ప్రేమే. అందుకే దేవుని ప్రేమ మనవాళ్లకు సరిగా అర్థం కాదు.

నేను:
అన్నా, ఈ నాలుగు పెట్టెల ప్రసంగం నేనూ చిన్నప్పటి నుంచి వింటున్నాను. వినడానికి బాగుంటుంది, పుస్తకంలో మాత్రం నిలవదు. పౌలును విడిచి వెళ్లిన దేమా గుర్తున్నాడా? 2 తిమోతి 4:10లో అతడు "యిహలోకమును స్నేహించి" వెళ్లిపోయాడు. అక్కడ గ్రీకులో ఉన్నది అగాపే క్రియే, లోకం మీద ఆశకు. యోహాను 5:20లో తండ్రి కుమారుణ్ణి ప్రేమించే చోట ఉన్నది ఫిలియా క్రియ. అంతకంటే ఘోరం, పాత నిబంధన గ్రీకు అనువాదంలో 2 సమూయేలు 13లో దావీదు కొడుకు అమ్నోను తన సవతి చెల్లెలు తామారుపై పడ్డ మోహానికి కూడా అగాపే మాటే వాడారు. మాటలో ఏ పవిత్రతా లేదు, ఎవరు ఎవరిని ఎలా ప్రేమించారన్న దానిలో ఉంది. యోహాను 21లో యేసు పేతురును మూడుసార్లు అడిగినప్పుడు గ్రీకులో మాట మారుతుంది. మనవాళ్లు మూడుసార్లూ "ప్రేమించుచున్నావా" అనే ఉంచారు. ఆ మూడోసారి పేతురు ఎందుకు వ్యసనపడ్డాడో (బాధపడ్డాడో) తెలుగులో చదివినవాడికి అర్థం కాకుండా పోయిందా? ఒకే ప్రశ్న మూడోసారి అడిగితే ఎవరికైనా గుండె కలుక్కుమంటుంది.

తెలుగుకు మాటల కొరత అన్నది కూడా ఒప్పుకోను. ప్రేముడి, మమకారం, వాత్సల్యం, కూరిమి, అనురాగం, ఆపేక్ష... చాలవా?

విజయవాడ అజిత్‌సింగ్‌నగర్ నుంచి ఒక సభ్యురాలు:
ఎప్పుడూ చదివి ఊరుకునేదాన్ని, ఇవాళ రాయాలనిపించింది. 2024 సెప్టెంబరులో బుడమేరు మా ఇంట్లోకి వచ్చినప్పుడు అత్తగారి బైబిలు నీళ్లలో నానిపోయింది. పారేయడానికి ఆవిడ ఒప్పుకోలేదు. ఫ్యాను కింద పెట్టి రోజూ కొన్ని పేజీలు విడదీసేవాళ్లం. పలచటి కాగితం కదా, గోరు తగిలితే చిరిగేది. దువ్వెన పళ్లతో అంచు లేపి, లోపలికి ఊదుతూ విడదీయాలి. యోహాను పత్రికల పేజీలు అన్నిటికంటే గట్టిగా అతుక్కున్నాయి. అవి విడదీస్తూ ఉండగా 1 యోహాను 3:16 కనబడింది. యోహాను సువార్త 3:16 అందరికీ కంఠతా వచ్చు, ఈ 3:16ని నేనెప్పుడూ పట్టించుకోలేదు. "ఆయన మనకొరకు తన ప్రాణముపెట్టెను గనుక దీనివలన ప్రేమ యెట్టిదని తెలిసికొనుచున్నాము."

మన ఇళ్లలో ‘నిన్ను ప్రేమిస్తున్నాను’ అని ఎవరంటారు చెప్పండి? మా అమ్మ నాతో ఒక్కసారీ అనలేదు. "మనవడంటే ప్రాణం పెడుతుంది" అంటాం. ఎవరి మీదైనా బాగా ప్రేమ ఉంటే మన మాట అదే, ప్రాణం పెట్టడం. చచ్చిపోవడం అని అనుకోం. వచనంలో ఆ మాట రెండు విధాలా నిజమైంది. గ్రీకులో ఎలా ఉందో నాకు తెలియదు. అగాపే అక్కర్లేకుండానే మా అత్తగారికి అర్థమైంది, ఆ తడి పేజీ చదివించుకుని చాలాసేపు మాట్లాడలేదు.

నేను:
అమ్మా, గ్రీకులో కూడా అదే. అక్కడి క్రియకు మూలార్థం ‘పెట్టు, ఉంచు’. ‘తన ప్రాణాన్ని పెట్టాడు’ అని మాటకు మాట. యోహాను 15:13లో "తన స్నేహితులకొరకు తన ప్రాణము పెట్టువానికంటె" అన్నదీ అదే క్రియ. తర్జుమా చేసినవాళ్లు మాటకు మాట వేశారు, అది మన ఇంటి నుడికారంలో వచ్చి పడింది. ఇంత వరకు నేనూ గమనించలేదు. ఎన్నిసార్లు టైపు చేసి ఉంటానో!

నల్లపాడు నుంచి:
ఆదివారం ఇది మా పాస్టరు అయ్యగారికి చెబుతాను. దేమా సంగతి కూడా.

మాస్టారు:
నాయనా, తీర్పు రాసుకో. బైబిలు వచనం బైబిలు వచనమే, ఉన్నది ఉన్నట్లు దీర్ఘంతోనే అచ్చు వేయి. అక్కడ నా ఎర్ర సిరా పొరపాటే, ఉల్లేఖనాన్ని దిద్దకూడదని పిల్లలకు ముప్పై ఏళ్లు చెప్పినవాణ్ణి. నీ సొంత వాక్యంలో ‘ప్రేమాస్వరూపి’ అని వస్తే మాత్రం మళ్లీ కొడతాను.

నేను:
అలాగే మాస్టారూ. ఈ ఏడాది కార్డుల ప్రూఫు గురువారం పంపుతాను. 1 యోహాను 3:16 కూడా చేరుస్తున్నాను.

మాస్టారు:
పంపు. ‘ప్రాణముపెట్టెను’ కలిపి వేస్తావా, విడదీస్తావా?