అప్‌డేట్: రెండో పూత వేస్తే కింది రంగు లేచిపోయే సమస్య తీరింది

పూలు, పురుగుల బొమ్మలు వేస్తుంటే, మందార రేకుల మీద రెండో పూత వేయగానే కింది వాటర్ కలర్ లేచిపోతోందని, పురుగు రెక్కల మీద సన్నగీతలు పాకిపోతున్నాయని ఇంతకుముందు ఇక్కడ అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

కాగితం మార్చమన్నవాళ్ల మాటే నిజమైంది. ఇదివరకు వాడింది కలప గుజ్జు కాగితం. ఇప్పుడు వాడుతున్నది 300 జీఎస్ఎం (చదరపు మీటరుకు 300 గ్రాముల బరువుండే మందం కాగితం), 100 శాతం కాటన్, హాట్ ప్రెస్డ్ (నున్నటి ఉపరితలం ఉన్నది). అవే రంగులతో వేసినా గీత గీసినచోటే నిలుస్తోంది. మరీ సన్న కుంచెలు, ఖరీదైన రంగులు అవసరం పడలేదు. మొన చక్కగా నిలిచే నాలుగో నంబరు కుంచెతోనే రేకుల ఈనెలు వచ్చేశాయి.

మిగతాది డ్రై బ్రష్‌తో, అంటే దాదాపు పొడి కుంచెతో వేసే పద్ధతితో కుదిరింది. కుంచెను టిష్యూకి అద్ది, తడి దాదాపు పోయాక చిన్న చిన్న గీతలుగా వేయాలి, అదీ కింది పూత పూర్తిగా ఆరాకే. వేలి వెనకభాగం ఆనిస్తే చల్లగా తగిలిందంటే ఇంకా ఆరనట్టే.

పెంకు పురుగు మెరుపు గురించి చెప్పినవారికి మరీమరీ థాంక్స్. మెరిసేచోట కాగితం తెలుపు అలాగే వదిలి, దాని అంచున పలచటి నీలం వేశాను. నల్ల రంగు ట్యూబ్ బదులు అల్ట్రామెరైన్ నీలంలో బర్న్ట్ అంబర్ అనే ముదురు గోధుమ రంగు కలిపాను. పెంకు గుండ్రంగా, నిగనిగలాడుతూ వచ్చింది! తూనీగ రెక్కల జాలీ ఇంకా సాధనలోనే ఉంది.