ఐదంగుళాల గేజ్ ఇంజన్: మలుపులో ముందు చక్రాలు పట్టా తప్పుతున్నాయి

పాలకొల్లు నుంచి:
అందరికీ నమస్కారమండీ. మా కొబ్బరి తోటలో ఐదంగుళాల, అంటే 127 మి.మీ. గేజ్ (రెండు పట్టాల మధ్య దూరం) లైను వేసి, డబ్ల్యూజీ (భారతీయ రైల్వేల పాత గూడ్స్ స్టీమ్ ఇంజన్) నమూనా బొగ్గు ఇంజన్ నడుపుతున్నాను. 2-8-2 అమరిక, అంటే ముందు రెండు చిన్న చక్రాలు, మధ్యలో ఎనిమిది పెద్దవి, వెనక రెండు చిన్నవి. పెద్ద చక్రాలు ఎనిమిదీ బుద్ధిగా వెళ్తాయి. ముందున్న పోనీ ట్రక్ (ఆ రెండు చిన్న చక్రాలుండే, పక్కలకి కదిలే చట్రం) చక్రాలే మలుపులో పట్టా ఎక్కి పక్కకి దిగిపోతున్నాయి. వెనక్కి నడిపితే ఏ ఇబ్బందీ లేదు. చక్రాల అంచులు మళ్ళీ లేత్ మీద పట్టించమంటారా? పిల్లల్ని ఎక్కించాలంటే టెన్షన్‌గా ఉంది.

రాజమహేంద్రవరం నుంచి:
అంచుల జోలికి ఇప్పుడే వెళ్ళకండి. కోసేసిన లోహం తిరిగి రాదు. వెనక్కి నడిపేటప్పుడు ఆ ట్రక్కు పెద్ద చక్రాల వెంట పోతుంది, ముందుకైతే మలుపు తాకిడి మొదట దానికే తగులుతుంది. అందుకే ఆ తేడా.

స్టీమ్ లేకుండా ఇంజన్‌ని చేత్తో నెమ్మదిగా తోయండి. చక్రం ఎక్కిన చోటల్లా సుద్దముక్కతో గీత పెట్టండి. పదిసార్లు తోసినా గీతలు ఒకే చోట పడితే ముందు లైనునే అనుమానించండి. తలో చోటా పడితే ట్రక్కుని చూడాలి. తర్వాత రెండు చక్రాల లోపలి ముఖాల మధ్య దూరం వెర్నియర్‌తో కొలవండి. ఈ గేజ్‌కి సుమారు 119 మి.మీ. ఉండాలి. చక్రం తిప్పుతూ మూడు నాలుగు చోట్ల కొలవండి. అంకె మారుతుంటే ఇరుసు వంగినట్టు, లేదా చక్రం వాలుగా బిగిసినట్టు.

పాలకొల్లు నుంచి:
కొలత ఎటు తిప్పినా 119 వచ్చిందండీ. గీతలు మూడు చోట్ల పడ్డాయి, మూడూ మలుపులోనే.

రాజమహేంద్రవరం నుంచి:
అయితే బరువు చూడండి. ట్రక్కు తన సొంత బరువుతోనే పోతుంటే, మలుపులో అంచు పట్టాకి ఒరుసుకోగానే పైకెక్కేస్తుంది. ఇంజన్ ముందు భాగం బరువు కొంత స్ప్రింగ్ ద్వారా దాని మీదకి దిగాలి. చేపలు తూచే కొక్కెం కాటా మీ వైపు దొరుకుతుంది కదా, దాన్ని ఇరుసు చివర తగిలించి, చక్రం పట్టా వదిలేదాకా లాగి అంకె చూడండి. కుడి, ఎడమ విడివిడిగా. స్ప్రింగ్ మరీ గట్టిది వేస్తే మాత్రం ముందు పెద్ద చక్రాల పట్టు పోయి ఇంజన్ జారుతుంది.

ఇంకోటి, ట్రక్కు పక్కకి ఎంత కదులుతోందో మలుపులో నిలబెట్టి టార్చి వేసి చూడండి. సిలిండర్ కిందనున్న డ్రెయిన్ కాక్‌కి (నీళ్ళు వదిలే చిన్న కుళాయికి) తగిలితే అక్కడ పెయింట్ గీసుకుపోయి ఉంటుంది.

భీమవరం నుంచి:
నేలని కూడా మరచిపోకండి. మా వైపు రేగడి. వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంగుతుంది. కొబ్బరి వేళ్ళు కూడా స్లీపర్లని ఎత్తేస్తాయి. అడుగుకొకసారి రెండు పట్టాల మీదా అడ్డంగా రసమట్టం పెట్టండి. లైను మెలి తిరిగిన చోట పెద్ద చక్రాలు బరువుతో సర్దుకుంటాయి, తేలికైన ముందు చక్రం గాల్లోకి లేస్తుంది. అక్కడ స్లీపర్ల కింద సన్న కంకర కూరాలి.

పాలకొల్లు నుంచి:
దొరికిందండీ! కుడి వైపు కిలోన్నర, ఎడమ వైపు కిలో కూడా లేదు. ఎడమ స్ప్రింగ్ కూర్చుండిపోయింది. రెండూ మార్చి, మలుపులో రెండు స్లీపర్లు సర్దాను. ఇరవై చుట్లు తిరిగింది, ఒక్కసారీ పట్టా తప్పలేదు. రేపు బోగీల్లో ఇసుక బస్తాలు వేసి నడిపి చూస్తాను. అదీ సరిపోతేనే పిల్లల్ని ఎక్కిస్తాను.