ల్యాబ్ బొమ్మకు క్యాన్యులా బాగానే పడుతోంది, వార్డులో చెయ్యి వణుకుతోంది

ప్రశ్న (బీఎస్సీ నర్సింగ్ సెకండ్ ఇయర్, తిరుపతి):
అందరికీ నమస్తే. మా కాలేజీలో ఐవీ ప్రాక్టీసుకు, అంటే సూదితో నరంలోకి క్యాన్యులా అనే సన్నటి గొట్టం ఎక్కించడం నేర్చుకోవడానికి, రబ్బరు చెయ్యి ఒకటుంది. ఇన్‌స్పెక్షన్ వస్తే తప్ప దాని అల్మరా తాళం తీయరు. తీసిన రోజు క్లాసంతా వరుసగా నిలబడి తలా ఒకసారి గుచ్చుతాం. అందరూ ఒకేచోట గుచ్చీ గుచ్చీ అక్కడ చిల్లు పడిపోయింది, కళ్లు మూసుకున్నా సూది దిగుతుంది. పోస్టింగ్‌లో మాత్రం ఒక పెద్దాయన చెయ్యి పట్టుకోగానే టెన్షన్. నరం అటూ ఇటూ జారుతోంది. పక్కనున్న కొడుకేమో "ఏమ్మా, నీకు వచ్చా అసలు?" అన్నాడు. ఈ బొమ్మల మీద నేర్చుకున్నది నిజంగా పనికొస్తుందా?

జవాబు (స్టాఫ్ నర్స్, తిరుపతి):
చెల్లీ, వయసైన వాళ్ల నరాలు జారతాయి. గుచ్చే చోటుకు కాస్త కింద, ఎడమ బొటనవేలితో చర్మాన్ని బిగువుగా లాగి పట్టుకో. రక్తం కనబడగానే సూదిని కాస్త వాల్చి, కొంచెం ముందుకు తోసి, అప్పుడు క్యాన్యులా జరుపు. చేతికి బిగించి కట్టిన పట్టీ, అదే టూర్నికే, విప్పాకే సూది తీయాలి, లేకపోతే దుప్పటంతా రక్తం. రెండుసార్లు దొరక్కపోతే సీనియర్‌ని పిలువు, అందులో నామోషీ ఏమీ లేదు.

జవాబు (ట్యూటర్, చిత్తూరు):
అక్క చెప్పినవన్నీ చేతికి సంబంధించినవి. నిన్ను వణికించింది ఆ కొడుకు మాట. ఒంటరి రబ్బరు చెయ్యి దానికి జవాబు నేర్పదు.

మేమేం చేస్తామంటే, ఒకమ్మాయిని మంచం మీద పడుకోబెట్టి, ఆమె చెయ్యి దుప్పటి కింద దాచి, దాని బదులు రబ్బరు చెయ్యి బయటికి పెడతాం. అసలు చెయ్యి సూదికి దూరంగా, అవతలి వైపే ఉండాలి, ఇందులో రాజీ లేదు. పేషెంటు పేరు మునెమ్మ, పలమనేరు దగ్గర పల్లె, నిన్నటి నుంచి వాంతులు. ఇంకొకమ్మాయి కోడలు. సూది దగ్గరికి రాగానే మునెమ్మ "అయ్యో దేవుడా" అని కెవ్వుమంటుంది, కోడలు ఫోన్‌లో ఎవరితోనో గొడవ పడుతుంటుంది. ఒక్కోరోజు మునెమ్మకు తమిళం తప్ప రాదు, మన జిల్లా సంగతి తెలిసిందే కదా. ఇంత గోలలో పేరు అడిగి, ఏం చేయబోతున్నావో చెప్పి, అప్పుడు టూర్నికే కట్టాలి.

అది అయిపోయాక అంతకు రెట్టింపు సేపు కూర్చుని మాట్లాడుకుంటాం. ఆ రోజు మార్కులు వేయను. వేస్తే ఎవరూ నోరు విప్పరు.

మనిషంత బొమ్మలు కొత్తవేం కాదు. 1911లోనే అమెరికాలో హార్ట్‌ఫర్డ్ ఆసుపత్రి నర్సింగ్ స్కూల్‌కు మార్తా చేజ్ అనే బొమ్మలు చేసే ఆవిడ ఒకటి చేసిచ్చింది. దాన్ని మిసెస్ చేజ్ అని పిలిచేవారట. మా మునెమ్మకు అక్కలాంటిది అనుకో.

జవాబు (స్టాఫ్ నర్స్, మదనపల్లె):
మేడమ్, ఈ నాటకాలన్నీ తీరిక ఉన్నవాళ్లకు. మేమంతా పేషెంట్ల మీదే నేర్చుకున్నాం, బాగానే ఉన్నాం.

జవాబు (ట్యూటర్, చిత్తూరు):
మీరు బాగానే ఉన్నారు తమ్ముడూ, ఆ పేషెంట్లను కూడా అడగాలి. సరే, సీపీఆర్ సంగతి, అంటే గుండె ఆగినవాళ్లకు ఛాతీ నొక్కడం? గుండె కొట్టుకుంటున్న మనిషి మీద ప్రాక్టీస్ చేయలేం కదా. ఛాతీ 5 నుంచి 6 సెంటీమీటర్లు దిగాలి, నిమిషానికి 100 నుంచి 120 సార్లు నొక్కాలి, ప్రతిసారీ పూర్తిగా పైకి లేవనివ్వాలి. మొదటిసారి నొక్కిన పిల్లలు రెండు నిమిషాలకే ఆయాసపడతారు. అది బొమ్మ దగ్గరే తెలియాలి.

ప్రశ్న అడిగిన అమ్మాయి:
థాంక్యూ మేడమ్. కానీ తాళం మా చేతిలో లేదే?

జవాబు (ట్యూటర్, చిత్తూరు):
ఇండియన్ నర్సింగ్ కౌన్సిల్ 2021లో తెచ్చిన కొత్త సిలబస్‌లో స్కిల్ ల్యాబ్ గంటలు విడిగా రాసి ఉన్నాయి. ఆ పేజీ జిరాక్స్ తీసి, క్లాస్ రిప్రజెంటేటివ్‌తో ఒక అర్జీ ఇప్పించండి. ఫిర్యాదులా రాయొద్దు, ఏ రోజు, ఏ టైం, ఎవరెవరు అని రాసి అడగండి. చిల్లుపడ్డ చర్మం విడిగా దొరుకుతుంది, చెయ్యి మొత్తం కొనక్కర్లేదు. ఆ ముక్క కూడా అర్జీలో రాయండి.